అంతర్జాతీయ రోయింగ్ ఫలితాలు ఎలా చదవాలి: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కటక్ పక్కన జగత్‌పూర్‌లో మహానది మీద సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) జలక్రీడల శిక్షణ కేంద్రం ఉండడం వల్ల, ఆర్మీ, నేవీ జట్లలో రోయింగ్ ఉండడం వల్ల బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో కూడా ఈ ఆట ఫలితాల గురించి అడిగేవాళ్లు ఉన్నారు. పేపర్లో వచ్చే రెండు లైన్ల వార్తతో పని జరగదు. ఒక పేపర్ ‘ఫైనల్లో ఐదో స్థానం’ అని రాస్తే ఇంకో పేపర్ ‘23వ స్థానంతో సరి’ అని రాస్తుంది. రెండూ ఒకే పోటీ గురించే. అసలు ఫలితాల షీటు చూడడం వస్తే ఈ గందరగోళం ఉండదు.

ఫైనల్లో ఐదో స్థానం వచ్చినవాడికి 23వ ర్యాంకు ఎలా వస్తుంది?

రోయింగ్‌లో ఫైనల్ ఒక్కటే ఉండదు. ఆరు లేన్లలో ఆరు పడవలే పోతాయి కాబట్టి మొదటి ఆరు స్థానాలకు ఫైనల్ ఏ, తర్వాతి ఆరింటికి ఫైనల్ బి, ఆ తర్వాత సి, డి, ఇ అని నడుపుతారు. పతకాలు ఫైనల్ ఏలోనే. మిగతావి ర్యాంకులు తేల్చడానికి.

లెక్క తేలిక. ఫైనల్ బి స్థానానికి 6 కలపండి, సి అయితే 12, డి అయితే 18, ఇ అయితే 24. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బల్‌రాజ్ పన్వర్ పురుషుల సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ) ఫైనల్ డిలో ఐదో స్థానం, 18+5, అంటే 23. 2016 రియోలో దత్తు భోకనల్ ఫైనల్ సిలో మొదటివాడు, 12+1, అంటే 13. టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ జోడీ లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్ ఫైనల్ బిలో ఐదు, కాబట్టి 11. ‘భారత జోడీ ఫైనల్‌కు’ అని శీర్షిక కనిపిస్తే ముందు ఆ ఫైనల్ పక్కన ఏ అక్షరం ఉందో చూడండి.

హీట్‌లో నాలుగో స్థానం వచ్చినా పోటీలో ఎలా ఉంటారు? రెపెషాజ్ అంటే ఏమిటి?

హీట్ అంటే తొలి రౌండ్ రేసు. అందులో నేరుగా పైకి వెళ్లలేని పడవలకు ఇచ్చే రెండో అవకాశమే రెపెషాజ్. పారిస్‌లో సింగిల్ స్కల్స్ నియమం ఇలా ఉంది: హీట్‌లో మొదటి ముగ్గురు క్వార్టర్ ఫైనల్‌కు, మిగతావాళ్లు రెపెషాజ్‌కు, అక్కడ మొదటి ఇద్దరు క్వార్టర్ ఫైనల్‌కు. బల్‌రాజ్ హీట్‌లో 7:07.11తో నాలుగో స్థానంలో వచ్చాడు. రెపెషాజ్‌లో 7:12.41తో రెండో స్థానం తెచ్చుకుని క్వార్టర్స్‌కు వెళ్లాడు. అంటే అయిదు సెకన్లు ఎక్కువ పట్టిన రేసే అతన్ని ముందుకు తీసుకెళ్లింది. క్వార్టర్స్‌లో ఐదో స్థానం రావడంతో సెమీఫైనల్ సి/డి (ఫైనల్ సికి ఎవరు, డికి ఎవరు అన్నది తేల్చేది), అక్కడ ఆరో స్థానం, చివరికి ఫైనల్ డి. ఫైనల్ డిలో టైమ్ 7:02.37, తన హీట్ కంటే దాదాపు అయిదు సెకన్లు మెరుగు.

ఈ ముందుకెళ్లే నియమం అన్ని పోటీలకూ ఒకటి కాదు. ఎన్ని పడవలు వచ్చాయన్నదాన్ని బట్టి మారుతుంది, సంస్థ కూడా ఎప్పటికప్పుడు మారుస్తుంటుంది. కొన్నిచోట్ల స్థానంతో పాటు హీట్లన్నిటిలోని వేగవంతమైన టైములను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ప్రతి రేసు షీటులో ఎవరు ఎటు వెళ్తారో రాసి ఉంటుంది. పాత పోటీ నియమం గుర్తుపెట్టుకుని కొత్త ఫలితాన్ని చదివితే ‘వీడు ఓడిపోయాడు కదా, మళ్లీ ఎలా వచ్చాడు’ అనే ప్రశ్న తప్పదు.

ఎం1ఎక్స్, డబ్ల్యూ2-, ఎం8+ లాంటి గుర్తులకు అర్థం?

ముందున్న అక్షరం ఎవరన్నది చెబుతుంది: ఎం పురుషులు, డబ్ల్యూ మహిళలు, మిక్స్ అని ఉంటే ఇద్దరూ కలిసి. ఆ అక్షరానికి ముందు ఎల్ ఉంటే లైట్‌వెయిట్, బి ఉంటే 23 ఏళ్ల లోపు, జె ఉంటే జూనియర్. అంకె పడవలో తెడ్డు వేసేవాళ్ల సంఖ్య. ఎక్స్ ఉంటే స్కల్లింగ్, అంటే ఒక్కొక్కరికి రెండు చేతుల్లో రెండు తెడ్లు. ఎక్స్ లేకపోతే స్వీప్, ఒక్కొక్కరికి ఒకే పెద్ద తెడ్డు, ఒకే పక్క. కూడిక గుర్తు ఉంటే కాక్స్ (తెడ్డు వేయకుండా పడవకు దారి చూపేవారు) ఉన్నట్టు, తీసివేత గుర్తు ఉంటే లేనట్టు.

ఒడిశావాళ్లకు గుర్తుండాల్సిన ఉదాహరణ డబ్ల్యూ2-. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రవా మింజ్ కాంస్యం తెచ్చింది ఈ విభాగంలోనే. ఇద్దరు మహిళలు, చెరొక తెడ్డు, కాక్స్ లేరు. తిన్నగా నడపడానికి చాలా కష్టమైన పడవల్లో ఇదొకటి: ఒకరి బలం కాస్త ఎక్కువైతే పడవ రెండోవైపు తిరిగిపోతుంది. అదే క్రీడల్లో సింగిల్ స్కల్స్‌లో బజరంగ్ లాల్ తఖర్ భారత్‌కు ఆసియా క్రీడల రోయింగ్‌లో మొదటి స్వర్ణం తెచ్చాడు.

జట్టు పేర్ల పక్కన బ్రాకెట్లో బి అని ఉంటే బో సీటు, అంటే పడవ ముందుకొనకు దగ్గర కూర్చున్నవారు. ఎస్ ఉంటే స్ట్రోక్, లయ పెట్టేవారు, వెనుకకొనకు దగ్గర కూర్చుంటారు. సి ఉంటే కాక్స్. రోయర్లు ప్రయాణించే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి స్ట్రోక్ అందరికీ కనిపిస్తాడు.

సెమీఫైనల్లో టైమ్ బాగుంటుంది, ఫైనల్లో పడిపోతుంది. అలసటా?

అలసట కొంత. ఎక్కువ భాగం గాలి. పడవ వెళ్లే దిక్కుకు గాలి తోడైతే టైమ్ తగ్గుతుంది, ఎదురైతే పెరుగుతుంది, ఆ తేడా ఒక్కోసారి పదుల సెకన్లలో ఉంటుంది. సింగిల్ మీద గాలి దెబ్బ ఎక్కువ, ఎనిమిది మంది పడవ మీద తక్కువ. లోతు తక్కువ ఉన్న నీళ్లలో పడవ బరువెక్కినట్టు నడుస్తుంది, చల్లటి నీళ్లు కూడా వేగాన్ని కొంచెం తగ్గిస్తాయి.

పారిస్‌లో జర్మనీ రోయర్ ఒలివర్ జైడ్లర్ సెమీఫైనల్లో 6:35.77తో ఒలింపిక్ ఉత్తమ సమయం పెట్టాడు. ఫైనల్లో స్వర్ణం గెలిచింది 6:37.57తో. టోక్యోలో అర్జున్, అర్వింద్ సెమీఫైనల్లో 6:24.41 తెచ్చి ఆరో స్థానంలో వచ్చారు, ఫైనల్ బిలో 6:29.66తో ఐదో స్థానం. టైమ్ అయిదు సెకన్లు పెరిగి స్థానం ఒకటి మెరుగుపడింది. ఇది ఈ ఆటలో మామూలే.

అందుకే ప్రపంచ సంస్థ వరల్డ్ రోయింగ్ ‘ప్రపంచ రికార్డు’ అనదు, ‘ప్రపంచ ఉత్తమ సమయం’ అంటుంది. జర్మనీ పురుషుల ఎయిట్ (ఎనిమిది మంది పడవ) 5:18.68, న్యూజిలాండ్‌కు చెందిన రాబీ మాన్సన్ సింగిల్‌లో 6:30.74, రెండూ 2017లో పోలాండ్‌లోని పోజ్నాన్‌లో ఒకే పోటీలో నమోదయ్యాయి. ఒకే చోట, ఒకే వారాంతంలో ఇలా వరసగా పడ్డాయంటే గాలి సాయం ఉందని అర్థం చేసుకోవాలి. రియోలో దత్తు 6:54.96, పారిస్‌లో బల్‌రాజ్ 7:02.37 అని పక్కపక్కన పెట్టి ‘ఎవరు గొప్ప’ అని వాదించడం దండగ. పోల్చాలంటే ఒకే రేసులో పక్క లేన్లో ఉన్నవాళ్లతో పోల్చండి, లేదా అదే రోజు అదే విభాగం విజేతకు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నారో చూడండి.

సెకన్ల తేడాను మీటర్లలో ఎలా ఊహించుకోవాలి?

రేసు దూరం 2000 మీటర్లు. మొత్తం టైమ్‌ను సెకన్లలోకి మార్చి, 2000ను దాంతో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. దాన్ని తేడాతో గుణించండి. సింగిల్‌కు 6:40 అంటే 400 సెకన్లు, సెకనుకు 5 మీటర్లు. సింగిల్ పడవ పొడవు సుమారు 8 మీటర్లు, అంటే ఒక పడవ పొడవు తేడాకు సెకనున్నర పైచిలుకు.

2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల ఎయిట్ ఫలితం తీసుకోండి. చైనా 5:40.17, భారత్ 5:43.01. తేడా 2.84 సెకన్లు. భారత్ వేగం సెకనుకు దాదాపు 5.83 మీటర్లు, కాబట్టి దూరం సుమారు 16.5 మీటర్లు. ఎయిట్ పొడవు 17 మీటర్లకు పైనే, అంటే ఒక పడవ పొడవుకు కాస్త తక్కువ. ‘చైనా చేతిలో చిత్తు’ అనే శీర్షికకు ఈ అంకె సాక్ష్యం ఇవ్వదు.

ఇక చిన్న తేడాలు. టోక్యోలో మహిళల లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్ ఫైనల్: ఇటలీ 6:47.54, ఫ్రాన్స్ 6:47.68, నెదర్లాండ్స్ 6:48.03, బ్రిటన్ 6:48.04. కాంస్యానికీ నాలుగో స్థానానికీ మధ్య సెకనులో వందో వంతు, దూరంలో అయిదు సెంటీమీటర్లు. పడవ ముక్కుకు తగిలించే రబ్బరు బంతి వ్యాసమే నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. బ్రిటన్ జోడీ ఎమిలీ క్రెయిగ్, ఇమోజెన్ గ్రాంట్ మూడేళ్ల తర్వాత పారిస్‌లో 6:47.06తో అదే విభాగంలో స్వర్ణం తీసుకున్నారు.

ఇద్దరికీ ఒకే టైమ్ ఉంటే స్వర్ణం ఒక్కరికే ఎలా ఇచ్చారు?

2016 రియో సింగిల్ స్కల్స్ ఫైనల్ గురించే ఈ ప్రశ్న. న్యూజిలాండ్ మహే డ్రైస్‌డేల్, క్రొయేషియా డామిర్ మార్టిన్ ఇద్దరికీ 6:41.34. ఫోటో ఫినిష్ చూసి డ్రైస్‌డేల్‌కు స్వర్ణం ఇచ్చారు. షీటులో టైమ్ వందో వంతు వరకే ముద్రిస్తారు, గెలుపు తేల్చేది మాత్రం ముగింపు గీత దగ్గరి కెమెరా చిత్రం. గీతను ముందు తాకాల్సింది ఆ ముక్కు బంతి. మనిషి గానీ తెడ్డు గానీ కాదు. చిత్రంలో కూడా విడదీయలేకపోతేనే సమానం అంటారు.

ఓ వింత నియమం: రోయర్ ఒకరు నీళ్లలో పడిపోయినా మిగతావాళ్లు పడవను గీత దాటిస్తే ఫలితం చెల్లుతుంది. కాక్స్ పడిపోతే మాత్రం చెల్లదు.

500, 1000, 1500 దగ్గర ఇచ్చే అంకెలు ఏం చెబుతాయి?

అక్కడే రేసు కథంతా ఉంటుంది. చాలామంది తప్పు చదివేది కూడా అక్కడే. షీటులో ఇచ్చేది సాధారణంగా మొదటి నుంచి అక్కడిదాకా పట్టిన మొత్తం టైమ్, పక్కన అప్పటి స్థానం. ఒక్కో 500 మీటర్లకు ఎంత పట్టిందో తెలియాలంటే ముందుదాన్ని తీసివేయాలి. లెక్క చూపడానికి వేసుకున్న అంకెలివి: 1:38, 3:20, 5:03, 6:42. విడివిడిగా చేస్తే 1:38, 1:42, 1:43, 1:39. ఇది ఆరోగ్యకరమైన రేసు. నిలబడి ఉన్న పడవను కదిలించడానికి మొదట్లో గట్టిగా కొడతారు కాబట్టి మొదటి ముక్క వేగం, మధ్యలో రెండు ముక్కలు నిలకడ, చివర్లో మళ్లీ స్ప్రింట్.

మొదటి 500 బాగా వేగంగా పోయి, మూడో ముక్క ఏడెనిమిది సెకన్లు పడిపోయి, నాలుగోది ఇంకా పడిపోతే ఆ రోయర్ ఆరంభంలోనే తన బలం ఖర్చుపెట్టేశాడని అర్థం. కొత్తగా అంతర్జాతీయ స్థాయికి వెళ్లినవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది: పక్క లేన్‌వాళ్లు దూసుకుపోతుంటే వదలలేక వెంటపడతారు. ఇంకో రకం ఉంది. చివరి 500 ఉద్దేశపూర్వకంగా నెమ్మదిగా ఉంటుంది. హీట్‌లో మూడో స్థానం ఖాయమైన రోయర్ తర్వాతి రోజు కోసం బలం దాచుకుంటాడు. స్ట్రోక్ రేటు (నిమిషానికి ఎన్నిసార్లు తెడ్డు వేశారన్నది) అంకెలు కూడా ఇస్తే తేడా తెలిసిపోతుంది: రేటు 36 నుంచి 28కి హఠాత్తుగా దిగి స్థానం మారలేదంటే దాచుకున్నట్టు, రేటు అలాగే ఉండి వేగం పడిపోతే అలిసిపోయినట్టు.

ఎక్సెల్‌లో టైములు ఎక్కించుకునేవాళ్లకు ఒక జాగ్రత్త: 6:42 అని కొడితే అది ఉదయం ఆరు గంటల నలభై రెండు నిమిషాలు అనుకుంటుంది. నిమిషాలను 60తో గుణించి సెకన్లు కలిపి, 402.00 అని వేసుకోండి. తీసివేతలు, సగటులు అన్నీ సరిగ్గా వస్తాయి.

లేన్ నంబరు వల్ల లాభనష్టాలు ఉంటాయా?

గాలి లేనప్పుడు ఉండవు. మామూలుగా ముందు రౌండ్‌లో బాగా చేసినవాళ్లకు మధ్య లేన్లు, అంటే 3, 4 ఇస్తారు. పక్కగాలి వీచేటప్పుడు ఒడ్డు చాటున ఉన్న లేన్లలో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, అవతలి లేన్లలో అల లేస్తుంది. అలాంటప్పుడు నిర్వాహకులు ముందు రౌండ్‌లో మెరుగ్గా ఉన్నవాళ్లను మంచి లేన్లకు మారుస్తారు. ‘వాళ్లకే మంచి లేన్లు ఇచ్చారు’ అనే ఫిర్యాదుకు జవాబు అదే: అది వాళ్లు ముందు రోజు సంపాదించుకున్న హక్కు. టీవీలో చూసేటప్పుడు ఒక గుర్తు పనికొస్తుంది: లేన్ల మధ్య తేలే బుడగల (బాయ్‌ల) రంగు చివరి 250 మీటర్లలో మారుతుంది.

టైమ్ ఉండాల్సిన చోట డీఎన్ఎస్, డీఎన్ఎఫ్, బీయూడబ్ల్యూ అని ఉంటే?

డీఎన్ఎస్ అంటే రేసు మొదలుపెట్టలేదు, తరచుగా జబ్బు వల్ల. డీఎన్ఎఫ్ అంటే ముగించలేదు. డీఎస్‌క్యూ అంటే అనర్హత. ఈఎక్స్‌సీ అని కనిపిస్తే రేసు నుంచి తొలగించారని. ఆరంభంలో తప్పుగా బయలుదేరితే పసుపు కార్డు, రెండు పసుపులైతే ఎరుపు, ఇక బయటికే. ఆరంభ స్థానానికి రేసుకు రెండు నిమిషాల ముందే చేరి ఉండాలి, ఆలస్యానికీ పసుపే.

బీయూడబ్ల్యూ మాత్రం మనసు విరిచే గుర్తు. పడవ బరువు తక్కువైంది అని అర్థం. తెడ్లు కాకుండా సింగిల్ 14 కిలోలు, డబుల్ (2ఎక్స్), పెయిర్ (2-) 27, కాక్స్ లేని ఫోర్ (4-) 50, క్వాడ్ (4ఎక్స్) 52, ఎయిట్ (8+) 96 కిలోలకు తగ్గకూడదు. రేసు అయ్యాక కొన్ని పడవలను ఎంపిక చేసి తూకం వేస్తారు. తక్కువ తూగితే ఆ రేసులో చివరి స్థానం. కొత్త కార్బన్ పడవలు తేలికగా వస్తాయి కాబట్టి అదనపు బరువును పడవకే బిగించి పంపాలి. ముందు రోజు అక్కడి తూకం మీద పరీక్షించుకోకుండా ఇంటి దగ్గరి తూకాన్ని నమ్ముకున్నవాళ్లకే ఈ గతి పడుతుంది.

కాక్స్‌కు కూడా కనీస బరువు ఉంది: 55 కిలోలు. తక్కువైతే ఆ మేరకు బరువు సంచి పెట్టుకోవాలి, అది 15 కిలోలు దాటకూడదు. పురుషుల పడవకు మహిళ, మహిళల పడవకు పురుషుడు కాక్స్‌గా ఉండొచ్చు.

లైట్‌వెయిట్ విభాగం ఇంకా ఉందా? మా అబ్బాయి 68 కిలోలు.

ఒలింపిక్స్‌లో లేదు. పారిస్ 2024తో ముగిసింది. ఆఖరి పురుషుల స్వర్ణం ఐర్లాండ్ జోడీ ఫింటన్ మెకార్తీ, పాల్ ఓడొనోవన్‌ది, 6:10.99. పురుషులకు గరిష్ఠం 72.5 కిలోలు, జట్టు సగటు 70. మహిళలకు 59, సగటు 57. ఇది తెలియక ఇప్పటికీ పిల్లల చేత బరువు తగ్గించే కోచ్‌లు ఉన్నారు. పెరిగే వయసులో ఉన్న 68 కిలోల అబ్బాయిని తిండి తగ్గించమనే కాలం పోయింది. ఎత్తు, చేతుల చాపు, కాళ్ల బలం చూడండి.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కీ ఒలింపిక్స్‌కీ ఆసియా క్రీడలకీ ఏది పెద్దది?

స్థాయిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఒలింపిక్స్ సమానం. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1962లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగింది. మొదట నాలుగేళ్లకోసారి, 1974 నుంచి ఏటా; మహిళలు చేరింది ఆ 1974లోనే. ఒలింపిక్ సంవత్సరంలో మాత్రం ఒలింపిక్స్‌లో లేని విభాగాలకే ప్రపంచ పోటీ పెడతారు. 2025లో షాంఘైలో జరిగింది, 2026 అమ్‌స్టర్‌డామ్‌కు, 2027 మళ్లీ లూసర్న్‌కు కేటాయించారు. ఒలింపిక్స్‌కు ముందు సంవత్సరం జరిగే ప్రపంచ పోటీలోనే చాలా ఒలింపిక్ బెర్తులు తేలతాయి. అక్కడ దక్కనివాళ్లకు ఖండాల వారీ అర్హత పోటీలున్నాయి. బల్‌రాజ్ పారిస్‌కు వెళ్లింది 2024 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని చుంగ్‌జూలో మూడో స్థానం తెచ్చుకుని.

ఆసియా క్రీడల్లో పతకం వచ్చినవాళ్లు ప్రపంచ పోటీలో ఫైనల్ సి, డిల్లో కనబడితే ఆశ్చర్యపోకండి. ఐరోపా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాలు ఆసియా పోటీల్లో ఉండవు. హాంగ్‌జౌలో భారత్‌కు రోయింగ్‌లో అయిదు పతకాలు వచ్చాయి, రెండు రజతాలు, మూడు కాంస్యాలు.

పతకాల పట్టిక చూసేటప్పుడు అది ఒలింపిక్ విభాగాలదా, అన్ని విభాగాలదా, పారా (దివ్యాంగుల) విభాగాలదా అన్నది చూడండి. ఒకే పోటీకి మూడు పట్టికలు ఉండొచ్చు.

రేసులు ఇక్కడ ఎన్ని గంటలకు వస్తాయి?

షీటులో ఉండేది అక్కడి సమయం. అమ్‌స్టర్‌డామ్, లూసర్న్‌లలో వేసవిలో ఉదయం 10 అంటే మనకు మధ్యాహ్నం 1:30. షాంఘై 10 అంటే మనకు ఉదయం 7:30. లాస్ ఏంజెలిస్‌లో జులై ఉదయం 9 అంటే మనకు రాత్రి 9:30. గాలి ఎక్కువైతే రేసులు ముందుకో వెనక్కో జరుపుతారు, కాబట్టి ముందు రోజు సాయంత్రం టైమ్‌టేబుల్ మళ్లీ చూసుకోండి.

పారా రోయింగ్‌లో పీఆర్1, పీఆర్2, పీఆర్3 తేడా ఏమిటి?

శరీరంలో ఏ భాగం తెడ్డుకు బలం ఇవ్వగలదన్నదే కొలత. పీఆర్1లో భుజాలు, చేతులు మాత్రమే. సీటు కదలదు, ఛాతీ దగ్గర పట్టీతో కడతారు. పీఆర్2లో నడుము కూడా. పీఆర్3లో కాళ్లు కూడా వాడగలవారు, జారే సీటు ఉంటుంది. రియో వరకు దూరం 1000 మీటర్లు; 2017 నుంచి 2000. అందుకే పాత పారా టైములు కొత్తవాటిలో సగమే కనబడతాయి.

ఇక్కడ మనవాడి పేరు ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు నారాయణ కొంగనపల్లె మందుపాతర పేలుడులో కాలు పోగొట్టుకున్నాక ఈ ఆటలోకి వచ్చాడు. రాజస్థాన్‌కు చెందిన అనితతో కలిసి పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం తెచ్చాడు. పారిస్ పారాలింపిక్స్‌లో ఫైనల్ బిలో 8:16.96తో రెండో స్థానం, 6+2, మొత్తం మీద ఎనిమిది. ఆ విభాగాన్ని పారాలింపిక్స్‌లో పెట్టడం పారిస్‌లోనే మొదలు.

2028లో ఏం మారుతుంది? సముద్రపు రోయింగ్ అంటున్నారు, గోపాల్‌పూర్ కుర్రాళ్లకు పనికొస్తుందా?

రెండు మార్పులు. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ పోటీల కొలను చిన్నది కాబట్టి అక్కడ మామూలు రేసులు 1500 మీటర్లే. ఆ టైములను పాత ఒలింపిక్ టైములతో పోల్చడానికి వీల్లేదు, ఒలింపిక్ ఉత్తమ సమయాల జాబితా పక్కన పెట్టాల్సిందే.

రెండోది బీచ్ స్ప్రింట్, ఒలింపిక్స్‌లో మొదటిసారి. పురుషుల సోలో, మహిళల సోలో, మిక్స్‌డ్ డబుల్. ఇసుక మీద పరిగెత్తి, సహాయకులు పట్టుకున్న పడవ ఎక్కి, బుడగల మధ్య వంకరటింకరగా 250 మీటర్లు లోపలికి పోయి, చివరి బుడగ చుట్టూ తిరిగి, 250 మీటర్లు తిన్నగా ఒడ్డుకు వచ్చి, దూకి పరిగెత్తాలి. ఫలితాల షీటు కూడా వేరు: ముందు టైమ్ ట్రయల్, తర్వాత ఇద్దరిద్దరి మధ్య నాకౌట్. ఇక్కడ టైమ్ కంటే ఎవరు ఎవరిని ఓడించారన్నదే చూడాలి. కోస్టల్ (సముద్రపు) పడవ బరువు, వెడల్పు వేరు: సోలో కనీసం 35 కిలోలు, పొడవు 6 మీటర్లలోపు. నది పడవలా సన్నగా ఉండదు, అలకు తేలిగ్గా తిరగబడదు, లోపలికి వచ్చిన నీరు వెనుక నుంచి దానంతట అదే పోతుంది.

గోపాల్‌పూర్, ఆర్జిపల్లి రేవుల్లో తెప్ప దింపే తెలుగు మత్స్యకారుల పిల్లలకు అల విరిగే చోట ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తోయాలో చెప్పనక్కర్లేదు. నది మీద తయారైన రోయర్లు తడబడేది సరిగ్గా అక్కడే. కానీ అదొక్కటే చాలదు. జారే సీటు మీద కాళ్లతో తోసే పద్ధతి, వీపు వెనక ఉన్న బుడగను ఒక్క చూపులో అంచనా వేయడం వేరే నేర్చుకోవాలి, అందుకు కనీసం కొన్ని సీజన్లు పడుతుంది. సముద్రపు అనుభవం ఉంది కదా అని నేరుగా ట్రయల్స్‌కు పంపకండి.

జగత్‌పూర్‌లో కయాకింగ్ కూడా ఉంది. ఫలితాల్లో రెండూ ఎలా గుర్తుపట్టాలి?

కె1, కె2, సి1 లాంటి గుర్తులుంటే కయాక్, కెనూ. వాటిలో ముందుకు చూస్తూ కూర్చుంటారు లేదా మోకాలి మీద ఉంటారు, తెడ్డు పడవకు బిగించి ఉండదు, దూరాలు 200, 500, 1000 మీటర్లు. రోయింగ్‌లో తెడ్డు రిగ్గర్‌కు (పడవ పక్కన బయటికి ఉండే చట్రానికి) బిగించి ఉంటుంది. సమాఖ్యలు వేరు, సెలెక్షన్లు వేరు, సర్టిఫికెట్లు వేరు.

ఎర్గోమీటర్ (ఒడ్డు మీద సాధన చేసే రోయింగ్ యంత్రం) మీద మా అబ్బాయి 2000 మీటర్లు 6:40 చేశాడు. జైడ్లర్ స్థాయి అనుకోవచ్చా?

వద్దు. యంత్రం మీద గాలి, అల, సమతూకం, తెడ్డు పట్టు ఏవీ లేవు. ఒడ్డు మీద 6:40 చేసిన కుర్రాడు సింగిల్ ఎక్కితే ఆ టైమ్‌కు చాలా దూరంలో ఉంటాడు. సింగిల్‌లో అగ్రశ్రేణిలో ఉండేవాళ్లు యంత్రం మీద ఆరు నిమిషాలలోపు తెచ్చేవాళ్లు. ఎర్గో అంకె ఒంట్లో ఎంత ఇంజను ఉందో చెబుతుంది, సెలెక్టర్లు అందుకే అడుగుతారు.

ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో ఈ ఫలితాన్ని ఎలా చూపించాలి?

ఫలితాల షీటు ప్రింట్ తీసి పెడితే సరిపోదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వేర్వేరు ఫారాలున్నాయి: దేశం తరఫున అంతర్జాతీయ పోటీకి ఫారం 1, దాన్ని జాతీయ సమాఖ్య కార్యదర్శి ఇవ్వాలి, రాష్ట్రం తరఫున జాతీయ పోటీకి ఫారం 2, రాష్ట్ర సంఘం నుంచి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం 4. ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాల నియమాలు వేరుగా ఉంటాయి, ఆయా నోటిఫికేషన్ చూసి వెళ్లాలి.

మన వైపు తరచుగా తేడా వచ్చేది పేరు దగ్గర. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బడిలో అది చివరకు పోతుంది, అంతర్జాతీయ షీటులో ఇంటిపేరు మళ్లీ ముందుకొచ్చి పెద్ద అక్షరాల్లో పడుతుంది. మూడు కాగితాల మీద మూడు రకాలుగా ఉంటే పరిశీలనలో ఆపేస్తారు. మొదటి రాష్ట్ర స్థాయి పోటీకి ఎంట్రీ ఇచ్చేటప్పుడే పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, ఎంట్రీ ఫారం ఒకేలా ఉండేలా చూసుకోండి. తర్వాత దిద్దించాలంటే రాష్ట్ర సంఘం నుంచి జాతీయ సమాఖ్య దాకా తిరగాలి.

ఫలితాన్ని దాచుకునేటప్పుడు పోటీ పేరు, ఊరు, తేదీ, విభాగం గుర్తు, రౌండ్, ఆ రౌండ్‌లో స్థానం, మొత్తం ర్యాంకు, విజేత టైమ్, ఎన్ని పడవలు పాల్గొన్నాయి, ఇవన్నీ ఒకే పేజీలో ఉంచండి. పాల్గొన్న పడవల సంఖ్య చాలామంది వదిలేస్తారు. ఐదు పడవల్లో ఐదో స్థానానికీ ముప్పై పడవల్లో ఐదో స్థానానికీ మధ్య చాలా తేడా ఉంది, ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.